ముందు రక్తనాళం చూడు

నవంబరు 2, సోమవారం

అక్క చేతి గడ్డ ముక్క ఇవాళ మా ల్యాబ్‌కి వచ్చింది. ఫార్మలిన్ సీసాలో, బఠాణీ గింజంత. సీసా మీద పేరు చదివాను. మళ్ళీ చదివాను. ఇరవై ఆరేళ్ళుగా ఆస్పత్రి నుంచి వచ్చిన ముక్కల్ని మైనంలో పోసి, పల్చటి పొరలుగా కోసి, రంగులేసి, గాజు స్లైడ్ల మీద డాక్టర్లకి అందిస్తున్నాను. ఏ సీసా మీది పేరూ నాకు మనిషి పేరులా కనిపించలేదు. ఇది కనిపించింది.

సొంతవాళ్ళ ముక్క వస్తే ఇంకొకరికి అప్పగించాలని మా ల్యాబ్‌లో నియమం. ఆ నియమం పెట్టమని పోరింది కూడా నేనే. కానీ ఇంకొకడు కోస్తే పొర మడత పడుతుందని నా నమ్మకం. అక్క ఇంటిపేరు వేరు కాబట్టి ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు.

ఆవిడ మటుకు దాన్ని గడ్డ అనదు. "దబ్బనం ఒత్తుకుని కాయ కాసిందిరా. ముప్పై ఏళ్ళు పుస్తకాలు కుట్టిన చెయ్యి పట్టులా ఉంటుందా?" అంటుంది. నాన్న బైండింగ్ షాపుని ఆవిడే నడుపుతోంది. ఈ డైరీ కూడా ఆవిడ కుట్టిందే. ఏటా ఒకటి కుట్టి ఇస్తుంది, ఏటా నేను సగంలో ఆపేస్తాను.

నవంబరు 3, మంగళవారం

కోశాను. పొర మడత పడలేదు.

నవంబరు 4, బుధవారం

పెద్ద మేడం స్లైడు చూశారు. మా ల్యాబ్‌లో ఇలాంటి గడ్డలకి పేరు పెట్టే డాక్టరు ఆవిడే. నేను పక్కన నిలబడి ట్రేలు సర్దుతున్నట్టు నటించాను. సర్దిన ట్రేనే మూడుసార్లు సర్దాను.

"మంచిది కాదండీ," అన్నారు, మైక్రోస్కోపు మీంచి కళ్ళు తీయకుండా. "ఏ రకమో తేలాలి. ఐఎన్ఐ వన్ రంగు వేయించండి. మంగళవారం మెషిన్‌లో మిగతావాటితో పాటు పెట్టేయండి. పదహారున వచ్చి చూస్తాను."

రేపటి నుంచి ఆవిడకి సెలవు. కూతురి పురుడు.

"సర్జన్ గారికి ఫోన్ చేసి చెడ్డదేనని చెప్పేస్తాను. ఆయన నాకోసం ఆగనక్కర్లేదు. రకం ఏదైనా తీసేయాల్సిందే," అన్నారు.

ఆ ఆఖరి మాట నేను విన్నాను. విన్నానని ఇక్కడ రాసి పెడుతున్నాను.

నవంబరు 5, గురువారం

సర్జన్ గారు పన్నెండో తారీఖు ఇచ్చారు. కుడిచేతి చిటికెనవేలు, దాని కింద అరచేతి అంచు పోతాయి. అక్క ఫోన్లో ఈ సంగతి చెప్పి, ఊపిరి తీసుకోకుండా, "సర్జన్ గారన్న ఆ ఐఎన్ఐ రంగు అంటే ఏమిట్రా?" అంది. చిన్నప్పటి నుంచీ అంతే. పన్ను పీకించుకుని, దాని వేర్లు చూపిస్తే కానీ కుర్చీ దిగనని డాక్టర్ని పీడించిన మనిషి.

మధ్యాహ్నం భోజనం వేళకి షాపుకి వెళ్ళాను. బావ కాగితం కోసే మిషన్ దగ్గర నిలబడి తల ఊపాడు. బావ రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఎనిమిది "ఊ".

అక్క అడుగుతుందని తెలిసి నిన్న రాత్రంతా చదివాను. ఇన్నేళ్ళుగా ఆ రంగు వేస్తున్నా, అది దేని రంగో నాకు సరిగ్గా తెలియదని నిన్న తెలిసింది. సిగ్గేసింది. చదివినకొద్దీ సరదా కూడా వేసింది. ఒంట్లో ప్రతి కణంలోనూ ఉన్నది ఒకే పుస్తకం. చర్మానిదీ అదే, గుండెదీ అదే. ఎవరు ఏ పేజీ చదవాలో, ఏది మూసి ఉంచాలో చూసుకోవడానికి వేరే ప్రొటీన్లు ఉంటాయి. కొన్ని పేజీలు తెరుస్తాయి, కొన్ని మూస్తాయి. చాలా కేన్సర్లలో ఈ కాపలా ప్రొటీన్లని తయారుచేసే జన్యువులే పాడవుతాయట. దీనికి ఎపిజెనెటిక్స్ అని పెద్ద పేరు. "పెరిగింది చాలు, ఇక ఆగు" అని కణానికి చెప్పే పేజీలో ఒక్క అక్షరం కూడా చెరగదు. పేజీ తెరుచుకోదు, అంతే.

"అక్షరం పోకుండా పుస్తకం పాడవడమా?" అంటూ అక్క లేచి, మూలనున్న బస్తాలోంచి ఒక పాత నిఘంటువు తెచ్చింది. ఎవరింట్లోనో వానకి తడిసి, పేజీలన్నీ అట్టముక్కలా అతుక్కుపోయాయి. "ఇదిగో, ఇలాగా?"

"అచ్చం ఇలాగే."

"మరి ఇందులో నీ ఐఎన్ఐ ఎవడు?"

"పేజీలు విడదీసే జట్టులో ఒకడు. వాడు పోయాడనుకో, అంటించేవాడికి అడ్డు ఉండదు. కనిపించిన పేజీనల్లా అంటించుకుంటూ పోతాడు."

"అయితే ఆ అంటించేవాడి చేతులు కట్టేయొచ్చుగా."

అలాంటి మాత్ర నిజంగానే ఉంది. విడదీసేవాడు పోయిన గడ్డల్లో, అంటించేవాడి చేతులు కట్టేసే మాత్ర. దాని ఊసెత్తకూడదని దారంతా అనుకుంటూ వెళ్ళినవాణ్ణి, చెప్పేశాను. అక్క చిటికెనవేలిని ఒకసారి మడిచి చూసుకుంది. దారం బిగించేటప్పుడు ఆ వేలి మీదే పట్టు ఉంటుంది.

తర్వాత కెటిల్ పెట్టి నిఘంటువుకి ఆవిరి పట్టింది. రెండు పేజీలు విడిపోయాయి. మూడోది చిరగబోతుంటే ఆపేసింది. "ఆవిరి చాల్లేదు. తొందరపడితే కాగితం ఊడొస్తుంది," అంది.

నవంబరు 6, శుక్రవారం

మంగళవారం దాకా ఆగడం నా వల్ల కాలేదు. మెషిన్ వారానికి ఒక్కరోజే నడుస్తుంది. చేత్తో చేస్తే మూడు గంటల పని. మెషిన్ రాకముందు అన్నీ చేత్తో చేసినవాణ్ణే.

ఏదీ మరిచిపోలేదని నాకు నేను చూపించుకోవడానికి వరసగా రాసుకుంటున్నాను. పొరని కుక్కర్లో ఉడికించాలి. వంటింట్లో ఉండే ప్రెషర్ కుక్కరే. ఫార్మలిన్ బిగబట్టి ఉంచిన ప్రొటీన్లు ఆ వేడికి విచ్చుకుంటాయి. తర్వాత ఐఎన్ఐ వన్‌ని వెతికి పట్టుకునే మందు. అది దొరికిన చోటల్లా గోధుమరంగు తేలుతుంది, దొరకని చోట నీలం మిగులుతుంది. మామూలు కణాలన్నిటిలోనూ ఆ ప్రొటీన్ ఉంటుంది కాబట్టి రక్తనాళాలు గోధుమరంగులో ఉండాలి. గడ్డ కణాలు మాత్రమే నీలంగా ఉంటే, వాటిలో అది పోయినట్టు. పోతే మాత్ర.

భోజనాల వేళ ల్యాబ్ ఖాళీ అయ్యాక మొదలుపెట్టాను. కుక్కర్ గాస్కెట్ పాతబడి పక్కనుంచి ఆవిరి పోతోంది. మెషిన్ వచ్చాక దాని మొహం చూసినవాడెవడు? కొత్తది తెప్పించాలి. జనం తిరిగి వచ్చేలోపు దించేశాను. మందు పనిచేసిందో లేదో తెలియడానికి పక్కన ఒక మామూలు కణాల ముక్క పెడతాం, కంట్రోల్ అంటాం. అది పెట్టలేదు. ఒక్క స్లైడుకి అదెందుకని.

నీలం. గడ్డంతా నీలం.

నవంబరు 7, శనివారం

మళ్ళీ చూశాను. నీలమే. ఒక మూల రక్తనాళం కూడా కాస్త లేతగా ఉంది. అంచు కదా, మందు అక్కడిదాకా పారి ఉండదు.

నా మైక్రోస్కోపు పైన గోడకి ఒక కాగితం ఉంటుంది. ఇరవై ఏళ్ళ కిందట నేను రాసి అంటించినదే. "ముందు రక్తనాళం చూడు. తర్వాత గడ్డ చూడు." కొత్తగా చేరిన ప్రతివాడి చేతా దాన్ని పైకి చదివించి కానీ కుర్చీ ఇచ్చేవాణ్ణి కాదు. రక్తనాళానికి రంగు రాకపోతే ఆ స్లైడు చెప్పేదంతా అబద్ధమని వాళ్ళ బుర్రకెక్కాలని. ఆ కాగితం పచ్చబడింది. ఒక అంచు ఊడి వేలాడుతోంది. టేపు వేయాలి.

నవంబరు 8, ఆదివారం

స్లైడు ఫొటో ఫోన్లో అక్కకి పంపాను. గంతులేస్తుందనుకున్నాను. ప్రశ్న వేసింది.

"అంతా నీలంగా ఉందే. మరి గోధుమరంగువి ఏవి?"

"అవి ఈ ఫొటోలో పడలేదక్కా. కింద ఉన్నాయి."

"చూశావుగా?"

"ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పని అదే కదక్కా."

ముందు మాత్ర వాడి, గడ్డ తగ్గాక చిన్నగా కోయించుకుంటే సరిపోతుందేమో అన్నాను. ఏమో అన్నాను. నాకు బాగా గుర్తుంది, ఏమో అనే అన్నాను.

నవంబరు 9, సోమవారం

రేపటి మెషిన్ జాబితాలోంచి అక్క నంబరు కొట్టేశాను. అయిపోయినదానికి మళ్ళీ మందు దండగ.

నవంబరు 10, మంగళవారం

పన్నెండో తారీఖు వద్దని అక్క సర్జన్ గారికి చెప్పేసింది. ఆ సంగతి చెప్పడానికి బావ ఫోన్ చేశాడు. బావ, ఫోన్.

"రిపోర్టు రాకుండా మాత్ర ఉందని నీకెవరు చెప్పారని ఆయన కేకలేశాడు. మీ అక్క నీ పేరు ఎత్తలేదు," అన్నాడు. ఆపైన, "నువ్వు సరిగ్గానే చూశావుగా?" అన్నాడు.

చూశానన్నాను. బావ "ఊ" అన్నాడు. ఆ ఊ నాకు నచ్చలేదు.

నవంబరు 12, గురువారం

కుక్కర్‌కి కొత్త గాస్కెట్ తెచ్చి వేశాను. ఎందుకో ఇవాళే గుర్తొచ్చింది.

నవంబరు 13, శుక్రవారం

ఈ వారం పనికంటే చదువే ఎక్కువైంది. అక్షరం చెరిగిపోతే దాన్ని తిరిగి రాయడం మహా కష్టం, కానీ అతుక్కున్న పేజీని విడదీయొచ్చు. మందులు తయారుచేసేవాళ్ళకి ఈ జన్యువుల మీద అంత ఆశ అందుకేనట. కొందరు పసిపిల్లలకి వచ్చే గడ్డల్లో మిగతా పుస్తకమంతా దాదాపు శుభ్రంగానే ఉండి, ఈ విడదీసేవాడొక్కడే మాయమవుతాడట. ఒక్కడు పోతే ఇంత గందరగోళమా అని నమ్మబుద్ధి కాక రెండుసార్లు చదివాను. అక్కకి చెబితే, "మరి వాడు మొదట ఎందుకు పోయాడు?" అంది. నాకు తెలియదు. ఆ రాసినవాళ్ళకి కూడా పూర్తిగా తెలిసినట్టు లేదు.

మాత్ర గురించిన వ్యాసంలో ఆఖరి పేరా ఒకటి మిగిలింది. అది ఎవరెవరికి ఇవ్వాలో అందులో రాశారు. రేపు చదువుతాను.

నవంబరు 16, సోమవారం

మేడం వచ్చారు. మనవరాలి ఫొటోలు అందరికీ చూపించి, కూర్చుని, ఆ స్లైడు పెట్టుకున్నారు. పది సెకన్లు కూడా చూడలేదు.

"ఇది మెషిన్‌లో చేసింది కాదే."

"చేత్తో చేశానండి."

"కంట్రోల్ ఏది?"

"పెట్టలేదండి."

ఆవిడ స్లైడుని జరిపి, ఒక మూల ఆపి, లేచి నన్ను తన కుర్చీలో కూర్చోమన్నారు. చూశాను. రక్తనాళం నీలం. దాని పక్కన తెల్లకణాలు నీలం. పైన చర్మం నీలం. కాస్త లేత కాదు, అంచు కాదు, అంతా నీలం. ఆ శుక్రవారం కూడా ఇలాగే ఉంది. అప్పుడు కూడా నేను చూశాను.

గాస్కెట్ సంగతి చెప్పాను.

"మీరేనా ఈ పని చేసింది?" అన్నారు మేడం. "ఇదెవరిది?"

"మా అక్కదండి."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఆవిడకి చెప్పేశారా?"

"చెప్పాను. పన్నెండున జరగాల్సిన ఆపరేషన్ మానుకుంది."

మేడం నెమ్మదిగా, "నీలం రావాలని కోరుకున్నారు కదూ," అన్నారు. "నీలం వస్తే అది మొండి రకం అండీ. పదేళ్ళ తర్వాత కూడా తిరిగొచ్చే రకం. ఆ మాత్ర కోసి తీయడానికి వీలుకాని వాళ్ళకి ఇచ్చేది. మీ అక్కకి అలాంటి జబ్బు రావాలని ఇన్ని రోజులూ కోరుకున్నారు మీరు."

తల కొట్టేసినట్టయింది. కానీ ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. మాత్ర వైపే చూస్తూ కూర్చున్నాను, మాత్ర పక్కన జబ్బు ఉంటుందని చూడలేదు.

ఆఖరి పేరా ఇంటికొచ్చి చదివాను. మేడం చెప్పిందే ఉంది.

నవంబరు 17, మంగళవారం

మేడం చెప్పగా అక్క ముక్కని మళ్ళీ ఇంకొకరు కోశారు. పొర మడత పడలేదు.

మధ్యాహ్నం మూడింటికి మేడం పిలిచారు. కంట్రోల్ గోధుమరంగు. రక్తనాళం గోధుమరంగు. గడ్డ కూడా గోధుమరంగు. అక్క కణాల్లో విడదీసేవాడు ఎక్కడికీ పోలేదు, వాడి చోట వాడున్నాడు.

"ఇది వేరే రకం. మిగతా రంగులు కూడా వేసి పేరు పెడతాను," అన్నారు మేడం. "దీనికి కత్తే మందు. శుభ్రంగా తీసేస్తే మళ్ళీ రాకపోవడానికే అవకాశం ఎక్కువ."

మాత్ర లేదు. మొండి జబ్బూ కాదు. రెండూ ఒకే మాటలో విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

నవంబరు 18, బుధవారం

ఫోన్లో చెప్పడానికి మొహం చెల్లలేదు. ల్యాబ్‌కి రమ్మన్నాను. మేడం అనుమతిచ్చి, తను బయటికి వెళ్ళిపోయారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అక్క చివరిదాకా విని, "రెండు స్లైడ్లూ చూపించు," అంది.

మొదటిది పెట్టాను. "అంతా నీలమే," అంది. రెండోది పెట్టాను. "అంతా గోధుమరంగే." మళ్ళీ మొదటిది పెట్టమంది. కళ్ళు దానికి ఆనించి అలాగే ఉండి, "రెండూ ఒక్క ముక్కలోవేగా. ఇందులో ఎందుకు రాలేదు?" అంది.

కుక్కర్ గురించి చెప్పాను. పక్కనుంచి పోయిన ఆవిరి, తొందరపడి దించడం.

"ఆవిరి చాల్లేదన్నమాట."

"ఊ."

"ఆవిరి చాలక పేజీ తెరుచుకోకపోతే, అందులో అక్షరాలే లేవనుకున్నావా?"

స్లైడు తీసి ట్రేలో పెట్టేశాను.

"ఆ రోజే అడిగానుగా, గోధుమరంగువి ఏవని."

"అడిగావు."

"కింద ఉన్నాయన్నావు."

"అన్నాను."

"లేవుగా."

"లేవక్కా."

కోపం వస్తే అక్క గొంతు పెంచదు, మాట ఆపేస్తుంది. ఆపేసింది. సంచీ భుజాన వేసుకుని వెళ్ళబోతూ గోడ మీది కాగితం దగ్గర ఆగి చదివింది. "నీ రాతే," అంది. టేపు అడిగి తీసుకుని, వేలాడుతున్న అంచుని తనే అంటించి, ఎడంచేత్తో అదిమి, వెళ్ళిపోయింది.

నవంబరు 20, శుక్రవారం

ఇరవై ఆరుకి తారీఖు దొరికింది. కొత్తగా స్కాన్ తీశారు. ఉంగరం వేలు కూడా తీయాలట.

"ఈ రెండు వారాల్లో పెరిగిందాండీ?" అని సర్జన్ గారిని అడిగాను.

"ముందే ఉండి ఉంటుంది. మొదటి స్కాన్‌లో తెలియలేదేమో," అన్నారు.

మళ్ళీ అడగలేదు.

నవంబరు 21, శనివారం

ముందే ఉండి ఉంటుంది.

నవంబరు 23, సోమవారం

ముందే ఉండి ఉంటుందో, నా వల్ల పోతోందో నాకు తెలియదు. తెలియదని రాయడానికి మూడు రోజులు పట్టింది. ఆ వేలు అక్కది. తెలియకపోవడం నాది. ఇది నాతోనే ఉంటుంది.

ఇదే మాట సాయంత్రం షాపుకి వెళ్ళి అక్కతో అన్నాను. ఆవిడ ఆ తడిసిన నిఘంటువుకి ఆవిరి పడుతోంది. కుడిచేత్తో కాదు, ఎడంచేత్తో, నేర్చుకుంటోంది. తలెత్తకుండా, "అక్కడ ఊరికే నిలబడే బదులు కెటిల్ పట్టుకో," అంది. పట్టుకున్నాను. ఎంతసేపు పట్టుకోవాలో ఆవిడే చెప్పింది.

నవంబరు 26, గురువారం

ఆపరేషన్ అయింది. నాలుగు గంటలసేపు నేనూ బావా బెంచీ మీద కూర్చున్నాం. నేనేమీ అనకుండానే బావ మధ్యలో ఒకసారి "ఊ" అన్నాడు. నేనూ "ఊ" అన్నాను.

నవంబరు 27, శుక్రవారం

తీసింది ల్యాబ్‌కి వచ్చింది. పెద్ద సీసా. "సొంతవాళ్ళది" అని రిజిస్టర్లో రాసి ఇంకొకరికి అప్పగించాను.

డిసెంబరు 2, బుధవారం

రిపోర్టు వచ్చింది. సంతకం అయ్యాక మేడం నన్ను కూడా చూడనిచ్చారు. నేరుగా అక్క దగ్గరికి వెళ్ళాను. చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని, మిగిలిన మూడు వేళ్ళతో దబ్బనం పట్టుకోవడం ఎలాగో గాల్లో ఆడించి చూసుకుంటోంది. బావ కిటికీ దగ్గరున్నాడు.

"అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయక్కా. గడ్డ ఏ అంచుకీ చేరలేదు. మొత్తం వచ్చేసింది."

బావ గోడకి ఆనుకున్నాడు. అక్క మటుకు కదల్లేదు. నా వైపే చూసింది.

"ఎవరు చూశారు?"

"మేడం."

"నువ్వు?"

"ఆవిడ తర్వాత నేనూ చూశాను."

"ముందు రక్తనాళం చూశావా?"

"ఇది ఆ రంగు కాదక్కా. అంచులకి మామూలు రంగే వేస్తారు. దీనికి రక్తనాళంతో పనిలేదు."

"చూశావా?"

"చూశాను. ముందు అదే చూశాను."

అప్పుడు కానీ అక్క నవ్వలేదు.